సలమాంకాలో చెప్పిన మాట

తెల్లవారినా రాజ్యలక్ష్మి గది తలుపు తెరుచుకోలేదు.

పద్మప్రియ మళ్లీ తట్టింది.

"అమ్మా, కాఫీ చల్లారిపోతోంది."

లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆ తరవాత ఏమీ వినబడలేదు.

"నిన్న సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదటగా. ఒంట్లో బాగోలేదా? డాక్టర్‌ని పిలవనా?"

"నాకేం కాలేదు. నువ్వు ఆఫీసుకెళ్లు," అంది రాజ్యలక్ష్మి లోపల్నుంచి.

"ఇవాళ ఆదివారం."

"అయితే వెళ్లి పడుకో."

పద్మప్రియ కాఫీ గ్లాసు తలుపు పక్కన నేలమీద పెట్టింది. అమ్మ తనతో ఆ గొంతుతో మాట్లాడటం ఆమెకు గుర్తు లేదు.

అల్లుడు అరవింద్ డైరెక్టరుగా తీస్తున్న మొదటి సినిమా ముహూర్తం గురువారం. దాని కోసమే అమ్మా నాన్నా బందరు నుంచి జూబ్లీ హిల్స్‌లోని కూతురింటికి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ అమ్మ ఇల్లంతా సర్దింది. ముహూర్తానికి ఏ చీర కట్టుకోవాలో కూతుర్ని అడిగింది. నిన్న మధ్యాహ్నం పద్మప్రియ పనుండి హైటెక్ సిటీలోని ఆఫీసుకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ఈ తలుపు మూసి ఉంది.

నాన్న కాశీవిశ్వనాథం మేడమీద వరండాలో పేపరు చదువుతున్నారు. రాత్రి ఆయన పైగదిలోనే పడుకున్నారు. ఎందుకని అడిగితే, "మీ అమ్మకి తలనొప్పిట," అన్నారు.

వంటింట్లో పనిమనిషి కొమురమ్మ ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతోంది.

"నిన్న ఎవరైనా వచ్చారా?" అని అడిగింది పద్మప్రియ.

"తిరుమలేశ్ సారొచ్చిండమ్మా. పెద్దమ్మకు సినిమా కథ చెప్పిండు. అప్పటిదాంక మంచిగనే ఉన్నది. చిక్కుడుకాయలు ఒలుసుకుంట, 'ఊ' కొట్టుకుంట కూసున్నది. సగంల లేసి లోపటికి పోయింది."

"ఏం కథ?"

"నేను గీడికెల్లి సగం సగం ఇన్న. ఎవరో తల్లి పిల్లల్ని ఇడిచిపెట్టి పోతది—"

గంట మోగింది. తలుపు తీస్తే తిరుమలేశే నిలబడి ఉన్నాడు. చేతిలో టోలిచౌకిలో కొన్న డబుల్ కా మీఠా డబ్బా, చంకలో ఒక కవరు.

తిరుమలేశ్ అరవింద్‌కు కో-డైరెక్టరు. రహమత్ నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటాడు. ఈ ఇంట్లో అందరితోనూ వరస కలుపుకున్నాడు.

"వదినా, అత్తమ్మ లేదా? కాళ్లు మొక్కుదామని వచ్చిన."

"ఎందుకు?"

"సీను లాకయింది వదినా, ఇగ మార్చేది లేదు! ఆమె పుణ్యాన్నే."

కథ ఒక రూపానికి వచ్చాక దాన్ని ఇళ్లలో ఆడవాళ్లకు చెప్పి చూడటం ఫిల్మ్ నగర్‌లో అలవాటు. నిర్మాత భార్యకు చెబుతారు, ఆమె చెల్లెళ్లకు చెబుతారు, పక్కింటివాళ్లను పిలిచి చెబుతారు. ఎక్కడ కొంగు కళ్లకు వెళ్తే అక్కడ గుర్తు పెట్టుకుంటారు. కొంగు కదలని సీను తీసేస్తారు.

"అన్న మద్రాసుల మ్యూజిక్ సిట్టింగుల ఉన్నడు గద. పోయేముందు, లేడీస్‌కు చెప్పి చూడురా అన్నడు. ఫికర్ చేసిన నేను. నాకెవరు తెలుసు లేడీస్? కిరాయింటి ఓనరమ్మకు చెప్తే ఆమె కిరాయి పెంచుతది. అత్తమ్మ యాదికొచ్చింది."

"కథ నాకు చెప్పు," అంది పద్మప్రియ.

"మీకు అన్న చెప్పలే?"

"నువ్వు చెప్పు. అమ్మకి చెప్పినట్టే చెప్పు."

తిరుమలేశ్ డబ్బా బల్లమీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. కథ చెప్పేటప్పుడు అతని భాష మారుతుంది. అందరు కో-డైరెక్టర్లకూ మారుతుంది.

"ఓపెన్ చేస్తే, బస్టాండు. పదేళ్ల పాప. చంకలో తమ్ముడు. ఎదురుగా కదలడానికి సిద్ధంగా ఉన్న బస్సు. కిటికీ దగ్గర వాళ్లమ్మ. పక్క సీట్లో హిందీ మాస్టారు. పాప పిలవదు. బస్సు వెళ్లిపోతుంది."

పద్మప్రియ కుర్చీ వీపు పట్టుకుంది.

"కట్ చేస్తే ఇల్లు. నాన్న ఎలక్షన్ డ్యూటీలో వేరే ఊళ్లో ఉన్నాడు. పాప వండుతుంది, తమ్ముడికి పెడుతుంది. అడిగినవాళ్లకల్లా, అమ్మమ్మకి జబ్బు చేసింది, అమ్మ అక్కడికెళ్లింది అంటుంది. కట్ చేస్తే వారం దాటింది. పాప వాకిట్లో ముగ్గేస్తోంది. గేటు చప్పుడు. అమ్మ! పాప చూస్తుంది. అమ్మ చూస్తుంది. అమ్మ చెప్పులు విడిచి, గడప దాటుతూ, ఒకే మాట అంటుంది వదినా. ఒకే ఒక్క మాట—"

"బియ్యం కడిగావా," అంది పద్మప్రియ.

తిరుమలేశ్ చెయ్యి గాలిలో ఆగింది.

"అన్న చెప్పిండన్నట్టు."

"తరవాత?"

"పాప పెద్దయితది. హీరోయిన్. ఎవ్వరికీ చెప్పకుండ మనసుల పెట్టుకుంటది. పెళ్లి మంటపంల అందరి ముంగట తల్లితోని అదే మాట అంటది. ఇంటర్వెల్!" అతని భాష మళ్లీ తన ఊరికి వచ్చేసింది. "నేను పెళ్లి మంటపందాంక పోనేలేదు వదినా. గా బియ్యం మాటకే అత్తమ్మ లేసింది. చిక్కుడుకాయల పళ్లెం కింద పడ్డది. గప్పుడే అనుకున్న, గిది హిట్టని. గేటు దాటంగనే ప్రొడ్యూసర్ సారుకు ఫోన్ కొట్టిన. సార్, బందరు నుంచొచ్చిన పెద్దామె తట్టుకోలేక లేచి పోయింది సార్ అని. ఆయన ఏమన్నడో ఎర్కేనా? గా సీను మీద ఎవ్వడూ చెయ్యి పెట్టద్దు, సినిమా గదే అన్నడు."

పద్మప్రియ బల్లనే చూస్తోంది. ఆమె ఆలకిస్తోందని తిరుమలేశ్ అనుకున్నాడు. కవరు విప్పి ఫోటోలు బల్లమీద పరిచాడు.

"పాటలు తీసేది యాడనో ఎర్కేనా? స్పెయిన్‌ల మీరు పోయొచ్చిన ఊరే. సలమాంకా. చూడుండ్రి, అన్న ఎంత మంచిగ తీసిండో."

తోరణాల చదరం. నది మీద రాతి వంతెన. యూనివర్సిటీ ముఖద్వారం. ప్రతి ఫోటోలోనూ పద్మప్రియ ఉంది. వంతెన మీద ఆమె వీపు. స్తంభం పక్కన ఆమె భుజం. ద్వారం ముందు తలెత్తి చూస్తూ ఆమె.

"అన్నింట్ల నన్నెందుకు పెట్టారు?"

"స్కేల్ కోసం వదినా. మనిషి నిలబడితే ఎంతుంటదో కెమెరామన్‌కు తెలవాలె గద. హీరోయిన్ గూడ మీ అంతే ఎత్తు."

బయట కారు ఆగింది. బేగంపేట ఎయిర్‌పోర్టు నుంచి అరవింద్ వచ్చాడు.

*

అతను మొదట ఫోటోలు చూశాడు. తరవాత భార్య ముఖం చూశాడు. తరవాత మూసి ఉన్న గది తలుపు చూశాడు.

"ఎవరికి చెప్పినవ్‌రా కథ?" అన్నాడు తిరుమలేశ్‌తో.

"అత్తమ్మకన్నా. లాకయిందన్నా, ఫోన్ల చెప్దామంటే నీది స్విచాఫ్—"

"ఆఫీసుకు పో."

"అన్నా, మీఠా—"

"పోరా."

తిరుమలేశ్ వెళ్లాడు. గేటు పడింది. అరవింద్ బ్యాగు కింద పెట్టి భార్య దగ్గరికి రెండడుగులు వేశాడు.

"అక్కడే ఉండు," అంది పద్మప్రియ. "నెమ్మదిగా మాట్లాడు. నాన్న పైన ఉన్నారు."

"వాడికి బుద్ధి లేదు ప్రియా. లేడీస్‌కి చెప్పమన్నాను. మనింట్లో చెప్పమనలేదు."

"వేరేవాళ్లింట్లో అయితే ఫరవాలేదన్నమాట."

"అది కాదు నేననేది."

"నీకు ఎక్కడ చెప్పానో గుర్తుందా?"

"ఉంది."

"చెప్పు."

"యూనివర్సిటీలో. ఆ పాత క్లాసులో."

పోయిన సెప్టెంబరులో కంపెనీ పద్మప్రియను ఒక బ్యాంకు ప్రాజెక్టు మీద మాడ్రిడ్ పంపింది. పని ముగిసే వేళకు అరవింద్ అక్కడికి వచ్చాడు. నాలుగు రోజులు సెలవు పెట్టి ఇద్దరూ రైల్లో సలమాంకా వెళ్లారు. ఆమె ఒకే షరతు పెట్టింది. ఆ నాలుగు రోజులూ సినిమా మాట ఎత్తకూడదు. అతను ఎత్తలేదు. పెళ్లయ్యాక ఇద్దరికీ అన్ని రోజులు కలిసి దొరకడం అదే మొదటిసారి.

ఆ యూనివర్సిటీలో ఒక పాత తరగతి గదిని అలాగే ఉంచారు. దూలాలు చెక్కి బెంచీలుగా వేశారు. వాటిమీద ఎప్పటివో విద్యార్థులు కత్తితో గీసుకున్న పేర్లున్నాయి. అక్కడ పాఠం చెప్పిన ఒక గురువును మతాధికారులు జైల్లో పెట్టారని గైడు చెప్పాడు. ఏళ్ల తరవాత ఆయన విడుదలై వచ్చి, అదే వేదిక ఎక్కి, పాఠం ఎక్కడ ఆగిందో అక్కడే అందుకున్నాడట. జైలు ఊసే ఎత్తలేదట. గుంపులో అందరూ నవ్వారు.

పద్మప్రియ నవ్వలేదు. గుంపు వెళ్లాక ఆ బెంచీ మీదే కూర్చుంది. తమ్ముడు నానికి కూడా చెప్పని సంగతి భర్తకు చెప్పింది. ఒట్టు వేయించుకోలేదు. అవసరమని తోచలేదు.

"నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు," అందిప్పుడు. "ఇది సీనవుతుందని ఎప్పుడు అనుకున్నావు? చెయ్యి పట్టుకున్నప్పుడా, వదిలాకా?"

"అలా అడిగితే ఏం చెప్పను? ఒక కళాకారుడికి జీవితంలో ప్రతి—"

"సిట్టింగులో మాట్లాడినట్టు మాట్లాడకు. మీ ఇంట్లో మీ అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడు."

అరవింద్ కుర్చీలో కూర్చున్నాడు.

"గప్పుడే," అన్నాడు. "నువ్వు చెప్తుండంగనే."

పద్మప్రియ తల ఊపింది.

"మనం వెళ్లే ఊరు ఎవరు ఎంచుకున్నారు? నేను గ్రనడా అన్నాను."

"ప్రొడ్యూసర్ సార్ చూపించిండు ఫోటోలు. ఎట్లయినా పోతున్నవు గద, ఓసారి చూసి రా అన్నడు."

"పొద్దున్నే రొట్టె తెస్తానని వెళ్లేవాడివి."

"లైట్ యాడ పడుతదో చూసేటోణ్ణి. రొట్టె గూడ తెచ్చిన గద."

"తెచ్చావు. నేను తిన్నాను."

మేడమీద పేపరు మడిచిన చప్పుడైంది. ఇద్దరూ ఆగారు. మళ్లీ పుట తిప్పిన చప్పుడైంది.

పద్మప్రియ ద్వారం ముందు తీసిన ఫోటో చేతిలోకి తీసుకుంది. ఆ ద్వారం నిండా చెక్కిన బొమ్మల్లో ఎక్కడో ఒక పుర్రె మీద కప్ప ఉంటుంది. దాన్ని కనిపెట్టినవాళ్లకు కలిసొస్తుందంటారు. ఆ రోజు ఆమె మెడ నొప్పి పుట్టేదాకా వెతికింది. ఇంకా చూడు, ఇంకా కాసేపు చూడు అని వెనకనుంచి అరవింద్ అంటూనే ఉన్నాడు.

"ఆ సీను తీసెయ్," అంది.

"ప్రియా."

"ఇవాళే. ఇప్పుడే ఫోన్ చెయ్."

"గురువారం ముహూర్తం. గా సీను చూసే హీరోయిన్ డేట్స్ ఇచ్చింది. గా సీను చూసే ప్రొడ్యూసర్ ఒప్పుకున్నడు. గది తీసేస్తే సినిమా ఏముంటది? ఇన్నేండ్లు వేరేటోళ్ల సినిమాలకు క్లాప్ కొట్టిన. నువ్వు చూసినవు గద."

"చూశాను. ఇల్లు నా జీతంతో నడిచింది. ఒక్కరోజు అడిగానా?"

"అడగలే. గందుకే—" అతను ముందుకు వంగాడు. "పేర్లు మారుస్త. ఊరు మారుస్త. బందరు తీసేసి భీమవరం పెడ్త. హిందీ మాస్టర్ను డ్రాయింగ్ మాస్టర్ చేస్త."

"మాస్టార్ని మారుస్తావు. మా అమ్మని ఏం చేస్తావు?"

"అత్తమ్మకు నేను చెప్పుకుంట. ఊహించి రాసిన అని చెప్త."

"బియ్యం కడిగావా అన్నప్పుడు ఆ వాకిట్లో ఇద్దరమే ఉన్నాం అరవింద్. అమ్మ, నేను. నాని నిద్రపోతున్నాడు. ఆ మాట నీకు ఊహలోకి వచ్చిందంటే అమ్మ నమ్ముతుందా?"

అతను బల్లమీది ఫోటోలు ఒకచోట చేర్చాడు.

"నాన్న ఎలక్షన్ డ్యూటీ నుంచి అమ్మ వచ్చిన మర్నాడు వచ్చారు. ఆయనకి ఇప్పటికీ తెలీదు. తెలీకూడదనే నేను నోరు మూసుకుని పెరిగాను. ఆయన ఎప్పుడైనా అమ్మని గట్టిగా ఒక మాటంటే చేసే పని వదిలి వచ్చి నిలబడేదాన్ని, తెలిసిపోయిందేమోనని." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "రేపు నీ సినిమా విడుదలైతే వాళ్లిద్దర్నీ థియేటర్లో పక్కపక్కన కూర్చోబెట్టి చూపిస్తావా?"

"గంతదూరం పోనియ్య."

"పోయింది. ఆ తలుపు చూడు."

తలుపు తెరుచుకుంది.

*

రాజ్యలక్ష్మి స్నానం చేసి ఉంది. గంజి పెట్టిన నేత చీర కట్టుకుంది. చేతిలో ఊళ్లకు వెళ్లేటప్పుడు పట్టుకునే సంచీ ఉంది. నేలమీది కాఫీ గ్లాసు తీసి వంటింటి గుమ్మంలో నిలబడ్డ కొమురమ్మకు ఇచ్చింది.

"అమ్మా," అంది పద్మప్రియ.

రాజ్యలక్ష్మి ఆమె వైపు చూడలేదు.

"ఎప్పుడొచ్చారు బాబూ?" అంది అల్లుడితో.

అరవింద్ లేచి నిలబడ్డాడు. "ఇప్పుడే అత్తమ్మా. నాది తప్పయింది. వాడు తెలవక—"

"తప్పుల సంగతి తరవాత. ఆ కథ రాసింది మీరేనా?"

"నేనే."

"అయితే మీరే చెప్పండి. ఆవిడ ఎందుకు వెళ్లింది?"

"అత్తమ్మా?"

"ఆ పిల్ల తల్లి. ఇల్లొదిలి బస్సెక్కింది కదా. ఎందుకెక్కింది? ఆ అబ్బాయి నాకు అక్కడిదాకా చెప్పలేదు. నేనే లేచొచ్చేశాను."

అరవింద్ భార్య వైపు చూశాడు. భార్య అతని వైపు చూడలేదు.

"అంటే, హిందీ మాస్టర్‌కు ఆమెకు..." అని ఆగాడు. "సినిమా కోసం అత్తమ్మా."

"అది సినిమా కోసం పెట్టారా? ఎవరైనా చెబితే పెట్టారా?"

పొయ్యిమీద నూనె చిటపటలాడింది. కొమురమ్మ వెళ్లి మంట తగ్గించింది.

"నేను చూశానమ్మా," అంది పద్మప్రియ. "బస్టాండులో."

"ఏం చూశావు?"

"నువ్వు, మాస్టారు. పక్కపక్కన."

"బస్సులో పక్కన కూర్చుంటే లేచిపోయినట్టా?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు అడగలేదు?" రాజ్యలక్ష్మి మొదటిసారి కూతురి ముఖం చూసింది. "అడిగితే చెప్పేదాన్ని. చిన్నదానివి, అప్పుడు అడగలేకపోయావనుకో. పెద్దమనిషివయ్యావు, చదువుకున్నావు, పెళ్లి చేసుకున్నావు. ఎప్పుడు అడిగినా చెప్పేదాన్ని. అమ్మమ్మకి జబ్బని ఊరంతా చెప్పావని వచ్చాక తెలిసింది. బెంగతో ఏదో అల్లిందిలే పిల్ల, అనుకున్నాను. నన్ను కాపాడుతున్నావనుకోలేదు."

"అమ్మా, నేను ఎవరికీ చెప్పలేదు. నాని కూడా—"

"చెప్పావుగా. స్పెయిన్ వెళ్లి మరీ చెప్పావు."

పద్మప్రియ ఆమె దగ్గరికి ఒక అడుగు వేసింది.

"ఇన్నేళ్లు నా చేతి ముద్ద తిన్నావు," అంది రాజ్యలక్ష్మి. "నా పక్కలో పడుకున్నావు. పురిటికి ఎప్పుడొస్తావే అని నేను అడిగితే, అప్పుడే పిల్లలొద్దమ్మా అని నా భుజమ్మీద తలపెట్టి చెప్పావు. అప్పుడు కూడా నేను నీ మనసులో అలాంటిదాన్నేనా?"

"నాకు కోపం లేదమ్మా నీమీద. ఎప్పుడూ లేదు."

"అదే చెబుతున్నా. నన్ను క్షమించేశావు. చేయని దానికి."

ఆమె గొంతు పెద్దదైంది. పద్మప్రియ మెట్ల వైపు చూసింది.

"అమ్మా, నెమ్మదిగా. నాన్న పైన—"

"పైనుంటే?"

రాజ్యలక్ష్మి మెట్ల దగ్గరికి నడిచింది. చేత్తో కమ్మీ పట్టుకుంది.

"ఏవండీ! కిందికి రండి. చొక్కా వేసుకుని రండి."

పద్మప్రియ అడ్డం వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. నీకు దణ్ణం పెడతాను."

రాజ్యలక్ష్మి చెయ్యి విడిపించుకుంది. విసురుగా కాదు. ఒక్కొక్క వేలూ తీసింది.

కాశీవిశ్వనాథం దిగి వచ్చారు. చొక్కా వేసుకుని, పేపరు చంకలో పెట్టుకున్నారు. భార్య చేతిలోని సంచీ చూశారు. కూతురి ముఖం చూశారు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచారు.

"అమ్మాయికి చెప్పేశావా?" అని భార్యను అడిగారు.

పద్మప్రియ తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా. నీకు తెలుసా?"

"నాకు తెలీకపోవడమేంటమ్మా? నన్ను డ్యూటీ నుంచి వదల్లేదు. ఒక్కదాన్ని పంపలేక మాస్టారికి కబురంపి, బతిమాలి తోడిచ్చింది నేనే. మీ అమ్మ ఆ రోజు—"

"వద్దు," అంది రాజ్యలక్ష్మి.

ఆయన ఆగిపోయారు.

"దానికి మనం చెప్పక్కర్లేదు." ఆమె అల్లుడి వైపు తిరిగింది. "బాబూ, మీ ప్రొడ్యూసర్‌గారి ఆఫీసు ఫిల్మ్ నగర్లోనేగా? నన్నూ, మామయ్యగార్నీ తీసుకెళ్లండి. ఆవిడ ఎందుకు వెళ్లిందో, ఎక్కడికి వెళ్లిందో ఆయనకి నేను చెబుతాను. ఎలాగూ తీస్తారు కదా. తీసేదేదో నిజం తీయండి."

"నేనూ వస్తాను," అంది పద్మప్రియ.

"నువ్వెందుకు? సినిమాలో చూద్దువుగాని."

కాశీవిశ్వనాథం ఏదో అనబోయారు. రాజ్యలక్ష్మి అప్పటికే గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. ఆయన ఆమె వెనకే వెళ్లారు.

హాల్లో ఇద్దరు మిగిలారు.

"తీసుకెళ్లకు," అంది పద్మప్రియ. "అరవింద్, ఆ కారు తీయకు. ముందు అమ్మ నాతో మాట్లాడాలి. ఈ ఒక్కటీ చెయ్యి నాకు."

అరవింద్ ఆమెను చూశాడు. ఏదో చెప్పడానికి దగ్గరికి వచ్చాడు. ఆమె భుజమ్మీద చెయ్యి వేశాడు. రెండో చెయ్యి బల్లమీది కారు తాళాల మీద ఉంది.

గుమ్మం వైపు తిరిగి అడిగాడు.

"అత్తమ్మా, రాసుకోనీకి తిరుమలేశ్‌ను గూడ రమ్మననా?"